ఉత్త వేపాకు

రాజురా తాలూకా చాందా జిల్లాల కలిసిన ఏడు, 1959. ఊరూరు తిరిగి మశూచి టీకాలేసి అలిసిన ఇస్తారి, రాజక్క వాకిట్ల ఆగిండు. గుమ్మానికి వేపాకు కట్టి ఉన్నది.

"పోరికి తల్లి పోసింది. లోపటికి రావద్దు," అన్నది రాజక్క.

లోపటినుంచి పోపు వాసన వచ్చింది. తల్లి పోసిన ఇంట్ల ఎవలూ పోపు పెట్టరు. ఇస్తారి అరుగు మీద కూలబడ్డడు.

"అక్కా, మశూచి తెచ్చే వైరస్‌కు నోరు లేదు, కడుపు లేదు. గుల్లల దాసిన హుకుం, గంతే. ఒంట్లె ఒక్క కణంల జొర్రిందంటే, ఆ కణమే హుకుం విని గసొంటియి వేలు పుట్టిస్తది. గప్పుడు టీకా ఏం చేస్తది? అది జొర్రకముందే ఎయ్యాలె."

"జిల్లా మారినా మీ సూది మారకపాయె. పో తమ్మీ!"

"పోను. నా బిడ్డ సూదికి ఏడుస్తదని నేనూ గిట్లనే ఉత్త వేపాకు కట్టిన. టీకాలాయన నమ్మి వాపస్ పోయిండు. పదిహేను దినాలకు, అదే గుమ్మానికి నిజంగ కట్టిన."