గోడ దాటిన ఈగలు

టైలరమ్మ నూనె రాసిన అట్టముక్క తెచ్చి మందుల షాపు కౌంటరు మీద పెట్టింది. దగ్గు మందు కోసం నిలబడ్డ ముసలాయన రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఇదేంటో చూడండి అన్నయ్యగారూ."

షాపాయన కళ్లజోడు సర్దుకున్నాడు. అట్ట నిండా ఆవగింజ కన్నా చిన్న ఎర్రటి చుక్కలు. కొన్ని ఇంకా కదులుతున్నాయి.

"తేనెటీగల్ని పట్టి పీల్చే నల్లులు. మా పెరట్లోనూ పెట్టె ఉందిగా, నాకు తెలియదా?"

"మా పెట్టెల అడుగున రాలాయి. ఇవి మీ పెట్టెలోవే."

"మీ పెట్టె అడుగున రాలితే నావెలా అవుతాయి చెల్లెమ్మా? వాటి మీద నా పేరేమైనా రాసుందా?"

టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది.

"వారం వారం ఈగల మీద పంచదార పొడి జల్లుతున్నా. అవి ఒళ్లు దులుపుకుంటే నల్లులు జారి, అడుగున జల్లెడలోంచి అట్ట మీద పడతాయి. పోతుటీగల అరల్లో నల్లి ఎక్కువ చేరుతుందని ఆ అరలు కోసి పారేస్తున్నా. చుక్క మందు తగలనివ్వకుండా ఇంత చాకిరీ చేస్తుంటే మళ్లీ ఎక్కణ్ణుంచి వస్తున్నాయండీ? మీ ఈగలు గోడ దాటొచ్చి మా తేనె దోచుకుంటూ, పోతూ పోతూ వీటిని మాకు అంటిస్తున్నాయి."

"నేను మందు పట్టీ వేలాడదీశాను. మా పెట్టెలో నల్లి అన్నది ఉండదు. మీలా ఈగలకి పౌడరు పూసి ముస్తాబు చేసే ఓపిక నాకు లేదు."

"పట్టీ పెట్టాక ఒక్కసారైనా మూత తీసి చూశారా?"

"దేనికీ? పెట్టె గుమ్మం దగ్గర చూడండి, జాతరలా ఉంటుంది. జబ్బు పెట్టెకి అంత సందడి ఉంటుందా?"

ఇంటికొచ్చినా ఆమె కోపం చల్లారలేదు. కుట్టుమిషన్ తొక్కుతున్న తీరుకి జాకెట్టు చేతులు వంకర పోతున్నాయి. భర్త పెరట్లోంచి తేనె చట్రం పట్టుకొచ్చి పళ్లెంలో పెట్టాడు.

"నాలుగు పెట్టెలూ బండరాళ్లలా బరువుగా ఉన్నాయే. ఈ ఎండల్లో చుట్టుపక్కల పువ్వన్నదే లేదు. ఎక్కణ్ణుంచి తెస్తున్నాయో."

"ఒళ్లొంచితే వస్తుంది. పట్టీ తగిలించి పడుకుంటే రాదు."

"ఆయనతో గొడవెందుకు, పోనీలెద్దూ."

"ఎందుకు పోనివ్వాలి? రెడీమేడ్ బట్టలొచ్చాక నా మిషన్‌ని అడిగేవాళ్లు లేరు. ఈ పెట్టెలే నా ధైర్యం. ఆయన బద్ధకానికి నా ఈగలు చావాలా?"

సాయంత్రమే వీధి సంఘం ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లింది. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. 'మందు తగలని తేనె' అని చీటీ అంటించిన సీసా ఒకటి ఆయన చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పింది. ఆయన షాపాయన్నీ పిలిపించాడు.

"ఎవరి ఈగలు గోడ దాటి దోస్తున్నాయో తేలుద్దాం. తప్పెవరిదైతే వాళ్ల పెట్టెలన్నీ వీధి దాటాలి. సమ్మతమేనా?"

"రేపు మాట మార్చరుగా?" అంది టైలరమ్మ.

"రైళ్లు ఆపినవాణ్ణమ్మా. మాట మీద ఆగలేనా?"

తేల్చే ఉపాయం ఆమెదే. మర్నాడు మిట్టమధ్యాహ్నం షాపాయన పెట్టె గుమ్మం దగ్గర కూర్చుని, బయటికొచ్చే ప్రతి ఈగ మీదా పంచదార పొడి జల్లింది. ప్రెసిడెంటు గోడకి అవతల, ఆమె పెట్టెల ముందు కుర్చీ వేసుకున్నాడు.

"కనబడుతున్నాయా బాబాయిగారూ?" గోడ మీంచి అడిగింది.

"ఒకటి దూరింది. తెల్లగా ఉంది. ఇంకోటి. అబ్బో, వరసకట్టాయి."

టైలరమ్మ చేతులు దులుపుకుంది. "ఇప్పుడేమంటారు అన్నయ్యగారూ? పేరు రాయలేదు కానీ, రంగు పూశాను."

పక్కనే నిలబడి చూస్తున్న షాపాయన ముఖం మాడిపోయింది. "ఇది మా ఆవిడ మురిపెంగా పెట్టుకున్న పెట్టె. ఊరి నుంచి వచ్చాక ఏం చెప్పను?"

"అది నా పెట్టెల్ని ముంచక ముందు ఆలోచించాల్సింది. ఇవాళే తీయించండి."

"ఇంకేం, ఇప్పుడే తీయించేద్దాం," అన్నాడు ప్రెసిడెంటు.

"ఇప్పుడు కాదు. సగం ఈగలు బయటే ఉంటాయి. పొద్దుగూకాక తీయాలి. దొంగ ఈగైనా సరే, పొద్దుగూకితే సొంత గూటికే చేరుతుంది. అన్నీ ఇంటికొచ్చాక గుమ్మం మూసి ఎత్తేయడమే."

మసక పడుతుండగా నలుగురూ షాపాయన పెరట్లో చేరారు. గుమ్మం దగ్గర జాతర సద్దుమణిగింది. టైలరమ్మ లైనింగు గుడ్డ పేలిక కుక్కి గుమ్మం మూసేసింది. "జాగ్రత్తండీ, బరువుంటుంది," అంది భర్తతో.

ఆయన ఊపిరి బిగబట్టి, కాళ్లు ఎడంగా పెట్టి, ఒక్క ఉదుటున ఎత్తాడు. ఎత్తిన జోరుకి వెనక్కి తూలాడు.

"ఇదేంటే, అట్టపెట్టెలా వచ్చింది?"

టైలరమ్మ పెట్టె గోడకి చెవి ఆనించింది. తన పెట్టెలకి ఇలా చెవి పెడితే ఎప్పుడూ లోపల హోరు వినిపిస్తుంది. ఇందులో చప్పుడే లేదు. ఆమె చేయి మూత మీదికి వెళ్లి ఆగిపోయింది.

"తియ్యి టైలరమ్మా," అన్నాడు ప్రెసిడెంటు, టార్చి వెలిగిస్తూ. "మనకి భయమేంటి?"

ఆమె మూత తీసింది. తేనె చుక్క మిగలకుండా చీల్చేసిన అరలు. రాలిన మైనం పొట్టు. మధ్యలో వేలాడుతున్న మందు పట్టీ.

లోపల ఒక్క ఈగ కూడా లేదు.