కట్టేవాళ్లకు లేని బాధ

"తరతరాలు కూర్చుని తిన్నా తరగనంత ఉన్నవాళ్లు ఇంకాస్త పన్ను కడితే ఏం పోతుందండీ?" అని కారు రేడియోలో ఎవరో అడిగారు.

డ్రైవర్ ప్యోకి ఒళ్లు మండింది.

"పోయేది వాడి సొమ్మయితే తెలిసేది," అన్నాడు పైకే. "చెమటోడ్చి సంపాదించినవాడి దగ్గర లాక్కోవడాన్ని పన్నంటారా? దోపిడీ అంటారు."

వెనక సీట్లో సోక్యంగ్ పకపకా నవ్వింది. ఏడాదిగా యజమానురాలు హ్యేరాన్‌తో కలిసి గోల్ఫ్‌కి వెళ్లే స్నేహితురాలామె. నోటికి హద్దు లేదు.

"విన్నావా అక్కా? పన్ను కట్టేదాన్ని నేను, ఏడ్చేది మీ డ్రైవరు! ఊళ్లో పెళ్లికి కుక్కల హడావిడంటే ఇదే." ముందుకు వంగింది. "ఏమయ్యా, నీకెన్ని ఇళ్లున్నాయేంటి?"

"ఒక్కటీ లేదమ్మా."

"మరెందుకయ్యా నీకీ గుండెపోటు?"

ప్యో రేడియో కట్టేశాడు. అరవై ఆరేళ్లవాడు, వెక్కిరింతలు మింగడం ఆరేళ్లుగా అలవాటైపోయింది. హ్యేరాన్ మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి హాన్ నదిని చూస్తూ కూర్చుంది.

"నీకేం అక్కా," సోక్యంగ్ వదల్లేదు. "మహారాణివి. మొగుడు విడాకులిస్తూ కొండమీది ఇల్లూ, ఖరీదైన గంగ్నమ్‌లో ఆరంతస్తుల బిల్డింగూ చేతిలో పెట్టి పోయాడు. మా ఆయన చచ్చినా అంత మంచిపని చెయ్యడు. ఇంతకీ ఎక్కడున్నాడాయన?"

"ఎక్కడో. బతికే ఉన్నాడు," అంది హ్యేరాన్. ఆ వెంటనే, అదేదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు, "డ్రైవర్ గారూ, ఒకటో తారీఖు నుంచి కొత్త మనిషి వస్తున్నాడు. ఈలోగా గది ఖాళీ చెయ్యండి," అంది.

పచ్చలైటు పడింది. కారు కదల్లేదు. వెనక కార్లన్నీ ఒక్కసారి హారన్లు కొట్టాయి.

ఆ గది గారేజీ వెనక, సగం నేలలోకి దిగి ఉంటుంది. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. కిటికీలోంచి చూస్తే పోయేవాళ్ల బూట్లే కనిపిస్తాయి తప్ప మొహాలు కనిపించవు. అయినా ఈ సియోల్ మహానగరంలో అతనికున్న నీడ అదొక్కటే. అది కూడా పోతే ఇక రైల్వే స్టేషన్లో అట్టముక్క మీద పడుకోవడమే.

సోక్యంగ్‌ని దింపేసి ఇంటికొచ్చాక, గారేజీలో కారు తలుపు తీసి పట్టుకునే అడిగాడు.

"మనం అనుకున్నది ఇది కాదు కదా."

"ఏమనుకున్నాం?"

"చివరిదాకా ఇక్కడే ఉండొచ్చని."

"కాగితమేమైనా ఉందా?"

లేదు. కాగితం ఉండకూడదని అప్పట్లో పట్టుబట్టింది కూడా అతనే.

"ఆరేళ్లు," అంది హ్యేరాన్. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎప్పుడు కారెక్కినా అద్దంలో మీ కళ్లే. ఇక నావల్ల కాదు. మీ ఇష్టం, ఎక్కడ చెప్పుకుంటారో చెప్పుకోండి."

చెప్పుకోగలిగితే ఎప్పుడో చెప్పుకునేవాడు. నోరు తెరిస్తే ఒక నష్టం, మూసుకుంటే ఇంకో నష్టం.

వంటింట్లో బోక్సున్ అతనికి వేడివేడిగా సూప్ పోసింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో వండుతున్న మనిషి. ప్యో లోపలికి వస్తే ఇప్పటికీ లేచి నిలబడుతుంది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా మానలేదు.

"రేపు పన్నులాఫీసుకు పోతాను," అన్నాడు ప్యో. "ఆ విడాకులు దొంగ విడాకులని చెప్పేస్తాను."

బోక్సున్ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పెట్టుకుంటారా? వద్దండీ, నా మాట వినండి."

వినలేదు. రాత్రంతా ఆ రెండు గోడల మధ్య దొర్లాడు. తెల్లవారగానే ఉన్న ఒక్క కోటూ వేసుకుని బయల్దేరాడు.

పన్నులాఫీసులో కౌంటరు దగ్గర పాతికేళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. ప్యో దొంగ విడాకుల సంగతి చెబుతుండగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇలాంటివి మాకు వారానికి రెండొస్తాయి పెద్దాయనా. చచ్చాక వారసత్వపు పన్ను పడుతుందని, బతికుండగానే విడాకుల నాటకం ఆడి ఆస్తంతా పెళ్లాం పేర పెట్టేస్తారు. కలిసే ఉంటారు. మంచిపని చేశారు చెప్పి. వసూలైన దాంట్లోంచి మీకు బహుమతి కూడా ఇస్తారు. మీరు ఆ ఇంట్లో..."

"డ్రైవర్ని."

"అంటే కళ్లారా చూసినవారు. విడాకులయ్యాక ఆయన ఆ ఇంటికి వస్తూ పోతూ ఉంటాడా?"

"పోతే కదా రావడానికి."

"ఒకే కప్పు కింద?"

"ఒక్క రోజు కూడా వదల్లేదు."

ఆ అమ్మాయి చకచకా రాసుకుంది.

"ఆవిడ ఏమవుతుంది?" అడిగాడు ప్యో.

"ఇల్లూ బిల్డింగూ జప్తు చేస్తాం. కానీ అసలు దొంగ ఆయనే కదా! ఎగ్గొట్టినదానికి జరిమానా, ఆపైన జైలు. ఈ వయసులో పాపం అనకండి. వాళ్లు మిగుల్చుకున్నదంతా మీలాంటి పేదోళ్ల మీదే పడుతుంది."

ప్యో తల ఊపాడు. వెనక తలుపు వైపు ఒకసారి చూశాడు. ఆ తలుపు దాటితే ఒకటో తారీఖు, స్టేషన్, అట్టముక్క.

"ఇక్కడ భర్త పేరు రాయాలి," అంది ఆ అమ్మాయి పెన్ను సిద్ధంగా పట్టుకుని. "చెప్పండి, భయపడకండి."

డ్రైవర్ ప్యో రెండు చేతులతో కౌంటరు అంచు పట్టుకుని, తన పేరే చెప్పాడు.