అరుగు మీద ఊ

మైపాడులో సముద్రం పక్కన గది తీసుకుని డెబోరా వింత కథల పుస్తకాలు వేస్తుంది. తెల్లారితే కొత్త పుస్తకం అచ్చుకు పోవాలి. కంటికి దొరకని తప్పు నోటికి దొరుకుతుందని, ఆఖరి ప్రూఫు ఎప్పుడూ పైకే చదువుతుంది. ఆ రాత్రి చదువుతుంటే అరుగు మీద చీకట్లోంచి వాక్యానికొక ఊ వినపడింది. పక్కింటి గురవమ్మే అయ్యుంటుంది. డెబోరాకు సంతోషమేసింది. ఏడు పుస్తకాలు వేసినా ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు.

నలభయ్యో పేజీలో ఊ ఆగిపోయింది.

“నిద్రపోయినావా పెద్దమ్మా?”

“నీ దెయ్యాల కథలకు నిద్ర గూడానా? ఇప్పుడే గదా వస్తా ఉండా,” అంటూ గురవమ్మ టీ ఫ్లాస్కుతో పెరటి తలుపు తోసుకుని వచ్చింది.

డెబోరా అరుగు వైపు చూడలేదు. పేజీలోకి చూసింది. చదవడంలో ఒక వాక్యం దాటేసినట్టు కనిపించింది. వెనక్కి వెళ్లి దాన్ని చదివింది.

“ఊ,” అంది అరుగు.

గురవమ్మ ఫ్లాస్కు మెల్లగా కింద పెట్టింది. “ఆపబాక తల్లీ. సగంలో ఆపితే ఊ కొట్టేవాళ్లు ఊరుకుంటారా?”

డెబోరా చదివింది. భయమేసినా, ఇలా వినేవాళ్లు మళ్లీ దొరకరనిపించింది. ఒక్కో ఊ కాస్త దగ్గరగా వస్తోంది.

చేతిలో ఇంకా రెండు పేజీలే ఉన్నాయి.