వాడిన బోర్డు

మే నెల రెండో ఆదివారం మిట్టమధ్యాహ్నం ఓబయ్యశెట్టి ఇంట్లో ఏసీ ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క గదికే. ఆ గదిలో ఆయన కూతురు ప్రసూన ఎనిమిదో నెలలోనే పుట్టిన బిడ్డను పక్కలో వేసుకుని ఉంది.

"గది మరీ వేడెక్కకూడదు, మరీ చల్లబడకూడదు. ఈ బిడ్డ తట్టుకోలేదు" అని ఆస్పత్రిలో గట్టిగా చెప్పి పంపారు.

బయట ఎండ నలభై నాలుగు డిగ్రీలు.

ఓబయ్యశెట్టి ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లుగా వేరుశనగ వ్యాపారి. ఎవరితో ఏ పని అవుతుందో ఆయనకు తెలుసు. ఆ రోజు మాత్రం ఎవరితోనూ కాలేదు. కంపెనీవాళ్లు బుధవారం అన్నారు. ఊళ్లో మెకానిక్కులు ఫోన్ ఎత్తలేదు. పులివెందులలో ఒకడు ఎత్తి, "ఎండాకాలం కదన్నా, వరసలో ఉండు" అన్నాడు.

చివరికి జమ్మలమడుగు నుంచి నూర్ అహ్మద్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. కువైట్‌లో పన్నెండేళ్లు ఇదే పని చేశాడట.

గోడమీది ఏసీ మూత విప్పి చూశాడు.

"బోర్డు కాలిపోయింది శెట్టీ. ఈ రకం ఇప్పుడు చేయడం ల్యా. మద్రాసు నుంచి తెప్పించాల. పది దినాలు పడ్తాది."

"ఆ బిడ్డను చూసి చెప్పప్పా ఆ మాట."

నూర్ అహ్మద్ బిడ్డను చూశాడు. చిన్న నోరు తెరిచి ఎగపోస్తోంది.

"రెండు గంటలు ఓపిక పట్టండి" అని బండెక్కాడు.

పోయినవాడు తిరిగి రాడనుకుని శెట్టి కిటికీలకు తడిదుప్పట్లు కట్టించాడు. కానీ నూర్ అహ్మద్ వచ్చాడు. చేతిలో ఒక బోర్డు ఉంది.

శెట్టి దాన్ని తీసుకుని, మూట అడుగునుంచి తీసిన కాయను చూసినట్టు తిప్పి చూశాడు.

"ఇది వాడిందే కదప్పా."

"వాడిందే. బాగా పనిచేసేదే."

"యాడిది?"

"తెలిసినోళ్ల ఇంట్లోది."

బోర్డు బిగించాడు. పావుగంటలో గది చల్లబడింది. బిడ్డ నోరు మూసుకుని నిద్రపోయింది.

"ఎంతియ్యాల?"

"ఇప్పుడేం వద్దు శెట్టీ. కొత్తది వచ్చినాక ఇది నాకియ్యండి. అప్పుడు మాట్లాడుకుందాం."

వాడు గడప దాటగానే శెట్టి భార్యతో అన్నాడు. "ఎక్కువడిగేవాన్ని నమ్మొచ్చు. వద్దనేవాన్నే కనిపెట్టుకుని ఉండాల. ఈ పాత బోర్డును ఇంటింటికీ తిప్పి సంపాదిస్తాండాడు, చూడు."

"బిడ్డ నిద్రపోయింది. అది చూడు నువ్వు" అంది భార్య.

పదో రోజు కొత్త బోర్డు వచ్చింది. కంపెనీ మనిషి వచ్చి బిగించి పోయాడు. నూర్ అహ్మద్ తెచ్చిన పాతదాన్ని శెట్టి కాగితంలో చుట్టి కొట్లో సొరుగులో పెట్టాడు.

మర్నాడే నూర్ అహ్మద్ ఫోన్ చేశాడు.

"కొత్తది వచ్చిందంట కదా శెట్టీ. పాతది తీసుకుపోదామని."

"ఏంది అంత తొందర?"

"ఒకరు ఎదురుచూస్తాండారు."

"ఎంతిస్తామన్నారు వాళ్లు?"



"వాళ్లు ఇచ్చేదేం ఉండదు శెట్టీ."

శెట్టి నవ్వుకున్నాడు. "ఇప్పుడు సరుకు దిగుతాండాది. రేపు చూద్దాంలే."

సరుకు మన చేతిలో ఉన్నంతసేపే మాట మనది. ఎదుటివాడికి ఎంత అవసరముంటే మనకు అంత లాభం. నాలుగు రోజులు ఆపితే వాడడిగే కూలి దానంతటదే దిగివస్తుంది. ముప్పై ఏళ్లలో ఈ లెక్క తప్పింది లేదు.

రెండో రోజు ఫోన్ వచ్చింది. "రేపు" అన్నాడు. మూడో రోజు వచ్చింది. శెట్టి ఎత్తలేదు.

నాలుగో రోజు ఫోన్ రాలేదు. ఐదో రోజూ రాలేదు.

అప్పుడు శెట్టికి ఏం చేయాలో తోచలేదు. అడిగేవాడితో బేరమాడొచ్చు, అడగడం మానేసినవాడితో ఏమాడతాడు? ఆరో రోజు కాయల పనిమీద జమ్మలమడుగు పోతూ కాగితం పొట్లం జేబులో వేసుకున్నాడు.

ఇల్లు కనుక్కుని తలుపు కొట్టాడు. నూర్ అహ్మద్ భార్య మహబూబ్‌బీ తలుపు తీసింది.

"ఆయప్ప పనికి పోయినాడు. మీరు?"

"ప్రొద్దుటూరు. ఓబయ్యశెట్టి అని చెప్పమ్మా."

"మీరా. ఎండలో నిలబడద్దు, లోపలికి రాండి."

లోపల ఒకటే గది. నిప్పుల పొయ్యి పక్కన నిలబడినట్టుంది. మంచంమీద ముసలామె బోర్లా పడుకుని ఉంది. వీపుమీద తడిగుడ్డ.

"మా అత్త, పీరాంబీ. కాళ్లు పడిపోయి రెండేళ్లాయ" అంది మహబూబ్‌బీ, గుడ్డ తీసి నీళ్లలో ముంచుతూ. వీపు నిండా పచ్చిపుండ్లు. "ఎప్పుడూ ఇంత లేదు. పదిహేను దినాలకే ఇట్లయింది."

"ఎవరు?" అంది ముసలామె, తల తిప్పలేక.

"ప్రొద్దుటూరు శెట్టి అంట అత్తా."

"బిడ్డ బాగుండాదా నాయనా? ఒళ్లు చేసిందా?"

"చేసింది" అన్నాడు శెట్టి.

"నూర్‌కు చెప్పాల. ఆ బిడ్డ మాటే ఎత్తుతాంటాడు."

కూర్చోమని మహబూబ్‌బీ కుర్చీ వేసింది. శెట్టి కూర్చోలేదు. పొట్లం విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక తలెత్తాడు.

మంచానికి పైన గోడమీద మూత లేని ఏసీ ఉంది, దానిలోంచి నల్లటేపు చుట్టిన వైర్లు వేలాడుతున్నాయి, వాటి వెనక ఖాళీ సరిగ్గా ఆయన చేతిలోని బోర్డంత ఉంది.