మొహం లేని ఫోటో

“చాల్లే అమ్మణ్ణీ, పొద్దుపోతా ఉంది. బయటికి రా!” ఒడ్డు మీంచి కేకేసింది అత్త ఎలిశబెతు.

“ఇదొక్కటే అత్తా!”

షారన్ చీలమండల లోతు నీళ్లలో పక్కకి తిరిగి నిలబడింది. ఒంటి మీద భర్త ఫ్రెడ్డీ తెల్లచొక్కా. సముద్రపు గాలికి దాని అంచులు టపటపా కొట్టుకుంటున్నాయి. ఎదురుగా స్టాండు మీద కెమెరా. దానికి ఫ్రెడ్డీ కాపలా.

చేతిలోని రిమోటు నొక్కింది. రెండు నిమిషాలు షట్టరు తెరిచే ఉంటుంది. ఆలోపు కదిలిందల్లా పొగలా చెదిరిపోతుంది. కదలనిదే స్పష్టంగా మిగులుతుంది. షారన్ ఒళ్లంతా బిగబట్టి, తల ఒక్కటే అటూ ఇటూ ఆడిస్తూ ఉంది.

నలుపు తెలుపుల్లో వచ్చిన ఫోటో చూసి ఫ్రెడ్డీ తల పట్టుకున్నాడు. “మళ్లీ మొహం చెరిపేసుకుంటివే! పోయినేడు కిషోర్ బాబు ఇట్టాంటిదే కదా కొట్టేసింది?”

“తెలుసు.”

పోయినేడు ఆమె నెల్లూరులో కిషోర్ బాబు స్టూడియోలో పనిచేసేది. ఇలాగే తనను తాను ఫోటో తీసుకుంది. ఆ మహానుభావుడు దాన్ని స్వీయచిత్రాల పోటీకి తన పేరుతో పంపి బహుమతి కొట్టాడు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే చీపురుపుల్ల వాటం. పైగా కెమెరా స్టూడియోది. నిలదీస్తే నవ్వాడు. “మొహం లేదుగా పాపా, నువ్వేనని ఎవరంటారు?”

నలుగురిలో అబద్ధాలకోరు అనిపించుకుని షారన్ ఉద్యోగం మానేసింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. కానీ ఆ నవ్వు ఆమెకి రోజూ గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

“దీన్ని పెద్దది వేయించుకురా. ఆయన దగ్గరే.”

“పిచ్చా నీకు? తీసకపోయి వాడి నోట్లో పెట్టమంటావా?”

“పెట్టు. నేనేదంటే ఒంట్లో బాగాలేదని చెప్పు. నన్ను నలుగురిలో తల దించుకునేలా చేసినాడు. వాడూ దించుకోవాల. అందాక నాకు నిద్రపట్టదు.”

ఫోటో చూడగానే కిషోర్ బాబు కళ్లు మెరిశాయి.

“గాలికి చొక్కా భలే ఉబ్బిందబ్బా, పడవ తెరచాప మాదిరి! షారనేదీ?”

“ఒంట్లో బాగాలేదన్నా.”

“పాపం. అయినా మొహం రాలేదే. ఇదెందుకూ పనికిరాదని చెప్పు.” అంటూనే ప్రింటు తీసిచ్చాడు. కాపీ తన దగ్గర దాచుకున్నాడు. దాచుకోక ఏం చేస్తాడు, అలవాటాయె!

కొన్ని నెలలకు నెల్లూరులో మళ్లీ అదే స్వీయచిత్రాల పోటీ. హాలు నిండిపోయింది. వేదిక మీద నిలువెత్తు ఫోటో, పక్కన కొత్త సూటులో కిషోర్ బాబు. బహుమతి ప్రకటించే ముందు న్యాయనిర్ణేత విజయకుమారి గారు కళ్లద్దాలు సర్దుకుని ఫోటోకి దగ్గరగా వెళ్లారు.

“ఇందులో ఉంది మీరేనా?”

“నేనేనండీ. మా అమ్మ మీద ఒట్టు.”

“కంప్యూటర్లో ఏమన్నా మార్చారా?”

“గోరంత కూడా లేదండీ. రెండు నిమిషాలు కదలకుండా నిలబడినా.”

“చొక్కా ముందువైపు ఇంత ఉబ్బుందే?”

“సముద్రం గాలి కదండీ!”

“జుట్టు పొగైపోయింది, చొక్కా అంచులూ పొగే. గాలికి ఉబ్బిన బట్టయితే ఇదీ చెదిరిపోవాలి. ఈ గుండ్రం మాత్రం గీత గీసినట్టుంది. అంటే లోపల నిజంగానే ఏదో ఉంది.” ఆవిడ కిషోర్ బాబు వీపుకంటుకున్న పొట్ట వైపు చూశారు. “ఏముందండీ?”

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కిషోర్ బాబు మెల్లగా తల దించుకున్నాడు.

వెనక వరసలో, షారన్ ఒళ్లో పసిగుడ్డు క్యారుమంది.