ఒక్క స్వరం వదలకుండా

ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి వెదర్స్‌బీ ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. దగ్గు వచ్చేవాళ్ళు ముందే మెట్లమీదకి వెళ్ళి దగ్గేసి రావాలి.

నాలుగింటికి రేడియోలో జాజ్ క్లబ్బు నుంచి ప్రత్యక్ష ప్రసారం. హార్లెం పేటలో సగం ఇళ్ళలో అదే మోగుతుంది. వెదర్స్‌బీ ఇంట్లో మాత్రం రేడియో పక్కన, వచ్చే పాటను సూదితో ఖాళీ రికార్డు మీద గీసే యంత్రం కూడా ఉంది. ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గుమాస్తా. యంత్రం కొన్న రోజు నుంచి తనను తాను చరిత్రకారుడనుకుంటున్నాడు. గుమాస్తా ఉద్యోగం చేతికి అలవాటైపోయి చేస్తున్నాడంతే.

"ఒక్క స్వరం వదలను" అని చర్చిలో కూడా చెప్పుకునేవాడు.

నిజానికి బోలెడు వదిలేవాడు. ఆయనకు కావలసింది శాక్సఫోన్ వాయించే గెయిన్స్ ఒక్కడే. గెయిన్స్ ఊదుతున్నంతసేపూ సూది కింద. గెయిన్స్ ఆగి పియానో అబ్బాయి అందుకోగానే సూది పైకి. ఖాళీ రికార్డులు ఊరికే రావు మరి. రికార్డు వేసినప్పుడు, సూది ఎత్తి దించిన అతుకు దగ్గర టుక్కుమంటే "రేడియోలో గరగర" అనేవాడు. గెయిన్స్ వెనకాల ఏదో గుమ్ గుమ్మని మోగుతూనే ఉండేది. మీట ఎంత తిప్పినా అది పోయేది కాదు. అదొక్కటే ఆయనకు లోటు.

డిసెంబరులో ఒక ఆదివారం, ప్రసారానికి గంట ముందు, కింద అంతస్తులో శవపేటికల దుకాణం నడిపే టిల్మన్ పైకి వచ్చాడు. వెంట నల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ.

"ఈవిడ మిసెస్ ఫెయిర్లీ. వాళ్ళాయన్ని గురువారం నేనే సాగనంపాను" అన్నాడు టిల్మన్. "నీ రికార్డుల గురించి చెప్పాను. నా పనితనం బాగుందని ఒక్కడూ తిరిగొచ్చి చెప్పడు. నీకైనా ఆ యోగం ఉంటుందని తీసుకొచ్చా."

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది.

"మా ఆయన గెయిన్స్ గారి బృందంలో వాయించేవారండీ. ఈ ఏడంతా వాద్యగాళ్ళ సమ్మె కదా, రికార్డింగులకు ఎవర్నీ వెళ్ళనివ్వలేదు యూనియన్ వాళ్ళు. ఆదివారాలేమో నాకు ఆస్పత్రి లాండ్రీలో డ్యూటీ. ఇంట్లో సాధన చేస్తుంటే విన్నానంతే, అదీ పక్కింటివాళ్ళు గోడ బాదేదాకా. అక్టోబరు మూడున మాత్రం రేడియోలో చాలా బాగా కుదిరిందే అని చెప్పి చెప్పి నన్ను నిద్రపోనివ్వలేదు. అది ఒక్కసారి వింటే చాలండీ. ఆయన..."

"చెప్పకండమ్మా." వెదర్స్‌బీ చెయ్యెత్తాడు. "ఫెయిర్లీ నాకు తెలియకపోవడమేమిటి? ఆ బృందంలో ఒక్కొక్కడి వేళ్ళు గుర్తుపడతాను నేను."

"నేను చెప్పలా?" అన్నాడు టిల్మన్.

వెదర్స్‌బీ వెనక గదిలోకి నడిచాడు. ఫెయిర్లీ అంటే ఆ పియానో అబ్బాయే అయ్యుండాలి. తను సూది ఎత్తినప్పుడల్లా వినపడింది వాడే కదా.

అక్టోబరు మూడు రికార్డు చేతికి దొరికింది. యుద్ధంలో లోహం కరువై గాజు మీద చేస్తున్న సరుకు. అందులో మొదటినుంచి చివరిదాకా గెయిన్సే. పియానో ఒక్క ముక్క లేదు. టుక్కులు మాత్రం తొమ్మిది. ఇది వేశాడంటే సాయంత్రం చర్చి వదిలేలోపు టిల్మన్ ఊరంతా చెప్పేస్తాడు. దొరకలేదందామా అంటే వాడే వచ్చి అల్మారా వెతుకుతాడు.

నిజం చెప్పేయడం అనే దారి కూడా ఉంది. అది ఆయనకు తట్టలేదు.

రికార్డును తువ్వాల్లో చుట్టి మోకాలితో నొక్కాడు. గాజు మర్యాదగా, పెద్దగా చప్పుడు చెయ్యకుండా విరిగింది.

భార్య ఎస్టెల్ గుమ్మంలోంచి చూసింది. "ఏం చేస్తున్నావు?"

"సర్దుతున్నా."

"అది కొత్త తువ్వాలు."

ముక్కల్ని బొగ్గుల బూడిద డబ్బాలో పోసి, ఇంకో రికార్డు తీశాడు. బ్రూక్లిన్ స్నేహితుడెవరో ఇచ్చింది. వేరే క్లబ్బు, వేరే బృందం, నాలుగు నిమిషాల పియానో. కొత్త చీటీ అంటించి, గుండ్రటి అక్షరాలతో 'అక్టోబరు 3' అని రాశాడు.

రికార్డు తిరుగుతోంది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. టిల్మన్ టోపీ తీశాడు. ఇస్త్రీ చేస్తున్న ఎస్టెల్ పెట్టె పక్కన పెట్టేసింది. మూడో నిమిషానికి వెదర్స్‌బీకి కూడా కన్నీరొచ్చింది. అది మాత్రం అసలు సరుకే.

పియానో ఆగింది. ఆవిడ కళ్ళు తెరిచి యంత్రం వంక చూసింది.

"అక్టోబరు మూడంటే ఇదేనా అండీ?"

"ఒక్క స్వరం వదలకుండా."

"గెయిన్స్ గారు వాయించినవి ఏమైనా..."

"ఆయనవి ఎక్కడైనా దొరుకుతాయమ్మా. మీకు కావలసింది మీ ఆయనది కదా. ఆ రోజుది నా దగ్గర మిగిలింది ఇదొక్కటే, ఒట్టు. కావాలంటే పట్టుకెళ్ళండి, మీకే ఇచ్చేస్తున్నా."

"చూశారా మా వాడి మనసు" అన్నాడు టిల్మన్.

ఆవిడ లేచి, టోపీకి పిన్ను సర్దుకుంది. రికార్డును తీసుకోలేదు. గుమ్మం దగ్గర ఆగి, ఆయన్ని నొప్పించడం ఇష్టం లేనట్టు నెమ్మదిగా అంది.

"మా ఆయన పియానో వాయించేవారు కాదండీ, నిలబడి మీటే ఆ పెద్ద ఫిడేలు ఆయనది, గెయిన్స్ గారు ఊదుతున్నంతసేపూ వెనకాల గుమ్ గుమ్మని మోగేది ఆయనే."