గజం తక్కువ గీత

“ఈ గీత ఎవడు గీశాడు? అలసందల కుండ మీద కూర్చుని గీశాడా?”

బాస్కెట్‌బాల్ స్తంభం దగ్గర టేపు పట్టుకుని నవ్వాడు బురామా త్రావొరే. జట్టుకు ఆడపిల్లల్ని ఏరుకోవడానికి ఆ ఉదయమే రాజధాని బమాకో నుంచి సెగూ ఊరికి వచ్చాడతను.

“నువ్వు పుట్టకముందు గీసింది” అంది గట్టు మీద కూర్చున్న సనబా దియారా. “అప్పటికి మీ త్రావొరేలకి లెక్కలు రావు. ఇప్పటికీ రావనుకో.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. త్రావొరే, దియారా ఇంటిపేర్లవాళ్ళు ఎదురుపడితే అలసందల తిండిపోతులనీ, బానిసలనీ సరదాగా ఒకరినొకరు తిట్టుకోవాలి, అది అక్కడి ఆచారం; తిట్టకపోతేనే తప్పు. సనబా మాత్రం నవ్వలేదు. ఆమె మనవరాలు న్యేలే బంతి పట్టుకుని సున్నం గీత దగ్గర నిలబడి ఉంది. పిల్ల నెగ్గితే ఇతని బండిలో వెళ్ళిపోతుంది. బమాకో రోడ్డెక్కిన కొడుకులిద్దరూ మళ్ళీ సనబా గుమ్మం తొక్కలేదు. పిల్ల ఓడిపోవాలని పొద్దుటి నమాజులో దేవుణ్ణి అడిగి వచ్చిందామె.

“ఫ్రీ త్రో గీతని బోర్డు దగ్గర్నుంచి కొలవాలి, ముసలమ్మా. పదిహేను అడుగులు. మీవాళ్ళు స్తంభం మొదట్లోంచి కొలిచారు. బోర్డేమో ఇంత ముందుకు వేలాడుతోంది.” అతను చెయ్యి బారుగా చాపి చూపించాడు. “అంటే గజం తక్కువ. సజ్జ ముద్ద నోట్లో పెట్టుకునేంత దూరం నుంచి వేసి, సెగూలో మొనగత్తెనని తిరుగుతోంది నీ మనవరాలు.”

న్యేలే తల దించుకుంది. అతను ఆమె వెనక మడమతో నేల మీద కొత్త గీత గీకాడు.

“ఇక్కణ్ణుంచి వెయ్యి.”

మొదటి బంతి వలనైనా తాకలేదు. తర్వాతది రింగుకి ముందే వాలిపోయింది. ఈసారి న్యేలే బలమంతా పెట్టింది. బంతి బోర్డు దాటి ముళ్ళకంచెలో పడింది.

సనబా గుండె తేలికపడింది. పిల్ల ఇంటికొస్తుంది. రాత్రికి ఇద్దరికీ వండాలి.

“ఇంకొక్కటి వేస్తాను సార్” అంది న్యేలే. “చెయ్యి కుదురుకోవాలి. ఇన్నాళ్ళూ ఆ గీత మీదే...”

“చెయ్యా? అది రోకలి పట్టే చెయ్యి.” అతను టేపు చుట్టేశాడు. గొంతులో ఇప్పుడు పరాచికం లేదు. “ఇలాంటి ఊళ్ళకి రావడం నాదే బుద్ధి తక్కువ. గీత గీసుకోవడం చేతకానివాళ్ళు ఆటగత్తెల్ని కంటారా? వెళ్ళి సజ్జలు దంచుకో.”

ఎవరూ నవ్వలేదు. న్యేలే వెళ్ళి కంచెలో చెయ్యి పెట్టి బంతి తీసింది. మోచేతి దాకా ముళ్ళు గీసుకున్నాయి. అయినా ఏడవలేదు.

సనబా గట్టు దిగి వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

“ఒరేయ్ బానిసా. దియారా ఏదైనా అడిగితే త్రావొరే కాదనొచ్చా?”

అతను నిట్టూర్చాడు. “కాదనకూడదు. అంటే మా తాత సమాధిలోంచి లేచొస్తాడు. ఏం కావాలి, టీ ఆకా, చక్కెరా? అడిగేసి చొక్కా వదులు.”

“నలుగురి ముందూ ఒప్పుకున్నావు.”

“ఒప్పుకున్నాను. అడుగు.”

న్యేలే బంతి చంకలో పెట్టుకుని వచ్చింది. “నాయనమ్మా, ఇతన్ని అడగడమేంటి? ఇంటికి పోదాం పద.”

సనబా ఆ పిల్ల వంక చూడలేదు. చూస్తే మాట రాదు.

“సరైన గీత మీ బమాకోలో ఉంటుందిగా. దీన్ని ఇప్పుడే నీ బండెక్కించుకుపోయి ఆ గీత మీద నిలబెట్టు.”